నేపాల్‌లో మహిళలంతా ఉప మేయర్లేనా?

ప్రశ్న: రాచరికం పోయాక, 2017 స్థానిక ఎన్నికల్లో గెలిచినవాళ్లలో దాదాపు 41 శాతం ఆడవాళ్లే. కానీ మేయర్లు మాత్రం ఎక్కువగా మగవాళ్లు. మా అమ్మ వార్డు మెంబరుగా చేసింది, అందుకే ఈ విషయం నన్ను వదలడం లేదు. ఎందుకిలా?

జవాబు 1: మేయర్, ఉప మేయర్ రెండింటికీ పోటీ చేసే పార్టీ ఒకదానికైనా మహిళను నిలబెట్టాలి. పెద్ద కుర్చీ మగవాళ్లు ఉంచుకున్నారండీ. 2022లో పొత్తులు పెట్టుకుని ఒక్కో పదవికే పోటీ చేసి, ఆ నియమాన్నీ తప్పించుకున్నారు. అది అన్యాయం.

జవాబు 2: ఉప మేయర్‌ది ఉత్త పదవి కాదు. న్యాయ సమితికి ఆమే అధ్యక్షురాలు. పొలం గట్ల తగాదాలు, కాలువ నీళ్లు, ఇవ్వని కూలి డబ్బులు ఆమె ముందుకే వస్తాయి. ఇంకో సంగతి, వార్డు సభ్యులు నలుగురిలో ఇద్దరు మహిళలు, వాళ్లలో ఒకరు దళిత మహిళ.

ప్రశ్న అడిగినవారు: కూలి డబ్బుల తగాదా కూడానా! అమ్మకు ఈ రాత్రే చెబుతాను.