ఎంపీహెచ్ చేసి ఆ తర్వాత ఎంబీబీఎస్‌కు పోతే కలిసొస్తుందా?

దేవరకొండ_బీజెడ్‌సీ:
బీఎస్సీ ఫైనల్ ఇయర్‌లో ఉన్నా. ఇంటర్ అయ్యాక నీట్ రాస్తే సీటొచ్చే ర్యాంకు రాలేదు. ఇప్పుడు పబ్లిక్ హెల్త్‌లో పీజీ (ఎంపీహెచ్) చేసి, ఆ తర్వాత మళ్లీ ఎంబీబీఎస్‌కు ప్రయత్నిద్దామని ఉంది. అమెరికాలో చాలామంది అట్లనే పోతారని మా బావ అంటున్నాడు. మన దగ్గర ఎంపీహెచ్‌కు ఏమన్నా వెయిటేజీ ఉంటుందా?

పానగల్_చెరువు:
ఏమీ ఉండదమ్మా. నీట్ 720 మార్కులకు, అందులో సగం బయాలజీ. నీ పక్కన పీహెచ్‌డీ చేసినాయన కూర్చున్నా అదే పేపరు. చూసేది ఇంటర్ బైపీసీయే. వయసు గురించి మాత్రం టెన్షన్ వద్దు, గరిష్ఠ పరిమితిని 2022లో తీసేశారు.

వనపర్తి_టు_డల్లాస్:
మీ బావ చెప్పింది సగం నిజం. ఇక్కడ మెడిసిన్‌కు ముందే డిగ్రీ ఉండాలి, తర్వాత మెడిసిన్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాయాలి. మధ్యలో ఎంపీహెచ్ చేసేవాళ్లు ఉన్నారు. కానీ పీజీ మార్కులను విడిగా లెక్కేస్తారు, డిగ్రీలో తక్కువొస్తే ఎంపీహెచ్‌తో ఆ జీపీఏ పెరగదు. పైగా చాలా కాలేజీలు అమెరికాలోనో కెనడాలోనో చదివిన క్రెడిట్లు అడుగుతాయి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లను తీసుకునేవి కొన్నే, వాళ్లకు ఫెడరల్ లోన్ కూడా రాదు. ఆ ఆశతో పొలం అమ్మించకు.

పాలమూరు_సర్వే:
నేను ఎంపీహెచ్ చేసి మహబూబ్‌నగర్ వైపు ఊళ్లలో పని చేస్తున్నా. ఈ చదువులో ఎపిడమియాలజీ (జనంలో జబ్బులు ఎలా, ఎందుకు వ్యాపిస్తాయో చూసేది), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య లెక్కలు) ఎక్కువ. రోగిని ముట్టుకోవడం ఉండదు, మందు రాసే హక్కూ రాదు. మా బ్యాచ్‌లో నీట్ రాలేదని చేరినవాళ్లు రెండేళ్లూ దిగులుగానే గడిపారు, ఎక్సెల్ షీటు చూస్తే వాళ్లకు విసుగు. ఇష్టపడి వచ్చినవాళ్లలో డెంటిస్టులు, ఫార్మసీ వాళ్లు కూడా ఉన్నారు, బాగానే స్థిరపడ్డారు. ఉద్యోగాల విషయానికొస్తే, చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే, ఇది ఎవరూ ముందు చెప్పరు. నీకు అసలు పబ్లిక్ హెల్త్ మీద మనసెందుకు పోయింది?

దేవరకొండ_బీజెడ్‌సీ:
మా అమ్మమ్మది మర్రిగూడ, అక్కా. ఫ్లోరైడ్ నీళ్లకు ఆమె నడుం వంగిపోయింది. ఎంతమంది డాక్టర్లకు చూపించినా నొప్పి బిళ్లలే రాసిచ్చారు.

పాలమూరు_సర్వే:
ముదిరిన ఫ్లోరోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు మరి. అక్కడ మార్చాల్సింది నీళ్లు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు తయారు చేశారు, దానికి పేరే నల్గొండ టెక్నిక్. నిన్ను లాగేది ఇదే పనైతే ఎంపీహెచ్ నేరుగా చెయ్యి, హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలోనూ కోర్సుంది. బీఎస్సీకి అర్హత ఉందో లేదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకో. డాక్టర్‌వే కావాలంటే ఇప్పుడే నీట్‌కు కూర్చో. ఎంబీబీఎస్ అయ్యాక కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేసి కూడా ఇదే పనిలోకి రావచ్చు, అప్పుడు రెండు దారులూ నీ చేతిలో ఉంటాయి.

దేవరకొండ_బీజెడ్‌సీ:
ఎంపీహెచ్‌కు వేరే రాష్ట్రం పోతే తర్వాత నీట్ కౌన్సెలింగ్‌లో లోకల్ కోటా పోతుందా?

పానగల్_చెరువు:
పోదు. ఇంటర్ వరకు ఎక్కడ చదివావో అదే చూస్తారు. స్కూలు బోనఫైడ్‌లు మాత్రం ఇప్పుడే తీసి పెట్టుకో, మా వాడికి చివరి నిమిషంలో స్కూలు చుట్టూ తిరగాల్సొచ్చింది.