హెలీన్ హరికేన్ (తుపాను) వల్ల దెబ్బతిన్న ఫ్లోరిడా తీరానికి కారులో వెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. మేం టాంపాలో ఉంటాం. వచ్చే నెల అమ్మానాన్నలతో సీడార్ కీ, హార్స్‌షూ బీచ్, స్టీన్‌హాచీ, కీటన్ బీచ్ మీదుగా పెర్రీ దాకా కారులో వెళ్లాలనుకుంటున్నాం. 2023 ఆగస్టులో ఇడాలియా, 2024 ఆగస్టులో డెబ్బీ, సెప్టెంబరులో హెలీన్, 13 నెలల్లో మూడు హరికేన్లు తగిలిన ఊళ్లు ఇవి, పాపం.

మాది విశాఖ. 2014లో హుద్‌హుద్ తర్వాత కరెంటు, నీళ్లు లేక మేం అల్లాడుతుంటే కొందరు కార్లలో వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్లిపోయారు, ఆ బాధ నాకింకా గుర్తుంది, ఆ పని మేం చేయకూడదు. అలాగని ఎవరూ వెళ్లకపోతే అక్కడి చిన్న హోటళ్లు, చేపల పడవలవాళ్లు ఎలా కోలుకుంటారు?

ఈమధ్య అటు వెళ్లినవాళ్లు చెప్పండి, ఆ ఊళ్లలోనే రాత్రి ఉండటానికి మోటెళ్లు తెరిచారా, లేక తీరానికి దూరంగా ఉన్న పెర్రీలోనో చీఫ్‌ల్యాండ్‌లోనో దిగాలా? తీరంలో చాలా ఇళ్లు ఎత్తయిన స్తంభాల మీదే ఉంటాయి, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అన్ని మెట్లు ఎక్కలేరు. అదే నా పెద్ద టెన్షన్. సీడార్ కీలో ఆల్చిప్పలు పెంచేవాళ్ల దగ్గర నేరుగా కొనొచ్చా? ఇంటి నుంచి సాయంగా ఏమైనా పట్టుకెళితే ఆ ఊళ్లవాళ్లకు నిజంగా పనికొస్తుందా, లేక అక్కడే తిని, అక్కడే కొని డబ్బు ఖర్చుపెట్టడమే మంచిదా?