డబ్బా మీద 300, మేడ మీద 10: వైఫై ఎందుకిలా?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి):
మేడ మీద గదిలో కూర్చుని పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. రౌటర్ కింద హాల్లో టీవీ పక్కన ఉంది. దానికి వైరు పెట్టి చూస్తే 94 ఎంబీపీఎస్ వస్తోంది. మేడ మీద ల్యాప్‌టాప్‌లో పొద్దున లింక్ స్పీడ్ (రౌటర్‌తో కుదిరిన వేగం) 72 అని చూపిస్తుంది, టెస్ట్ చేస్తే 38. సాయంత్రం ఏడు దాటాక 10 కూడా కష్టం. నిన్న త్రికోణమితి మధ్యలో మూడుసార్లు ఆగిపోయింది, చాలా టెన్షన్ పడ్డాను. డబ్బా మీద 300 అని ఉంది కదా, అదంతా ఎటు పోతోంది?

జవాబు 1:
వైఫైని 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకి మార్చండి మేడమ్. మా ఇంట్లో అలాగే బాగుపడింది.

జవాబు 2 (నెట్‌వర్క్ పని, తిరుచానూరు రోడ్డు):
300 అని ఉన్న రౌటర్లలో ఎక్కువ వాటికి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు ఒక్కటే ఉంటుంది అక్కా, ముందు అది చూడండి. 5 ఉన్నా, స్లాబు దాటేసరికి బాగా నీరసపడుతుంది.

ఆ 300 రెండు యాంటెన్నాలు, 40 మెగాహెర్ట్జ్ వెడల్పు చానల్ (సిగ్నల్ నడిచే దారి) ఉంటే వచ్చే లెక్క. 2009లో వచ్చిన 802.11ఎన్ అనే వైఫై ప్రమాణం అది. ఒకే యాంటెన్నా, 20 మెగాహెర్ట్జ్ అయితే 72. అందులోనూ వైఫైలో ఒక చానల్ మీద ఒకసారికి ఒకరే మాట్లాడాలి. మిగతావాళ్లు ఆగాలి, ప్రతిదానికీ 'అందింది' అని బదులు రావాలి. అందుకే చేతికొచ్చేది సుమారు సగం. మీ 38 సరైన అంకే.

సాయంత్రం సంగతి వేరు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మాత్రమే. సాయంత్రం అందరూ ఒకేసారి నెట్ వాడతారు, చుట్టుపక్కల ఇళ్లన్నీ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక లాడ్జిలో ఓనరు రౌటర్ సిగ్నల్ పవర్ పెంచమని పట్టుబట్టారు. పెంచాం. ఫోన్లో గీతలు నిండుగా కనిపించాయి, నెట్ మాత్రం నడవలేదు. రౌటర్ గొంతు పెంచగలం, ఫోన్ గొంతు పెంచలేం కదా. చివరికి అంతస్తుకో యాక్సెస్ పాయింట్ (వైఫై అందించే పెట్టె) పెట్టి, వాటికి వైరు లాగాం.

ప్రశ్న అడిగినవారు:
అద్దె ఇల్లు తమ్ముడూ, గోడకు చిల్లు పెట్టొద్దన్నారు.

జవాబు 2:
రౌటర్ నుంచి మెట్ల కిటికీలోంచి క్యాట్ 6 (నెట్ కేబుల్ రకం) వైరు తీసుకెళ్లండి. 100 మీటర్ల వరకూ ఇబ్బంది లేదు. క్లాసు చెప్పే ల్యాప్‌టాప్‌కి నేరుగా అదే పెట్టండి, వైఫై ఇంట్లో ఫోన్లకు వదిలేయండి. ఎండ తగిలే చోట పైపులో వేయండి, మన ఎండకు వైరు తొక్క పగిలిపోతుంది.