‘ఇన్‌డిస్క్రిమినేట్’ అంటే వివక్ష లేనిదా, విచక్షణ లేనిదా?

టెక్కలి కుర్రాడు: గ్రూప్స్‌కి చదువుతున్నాను. డిస్క్రిమినేషన్ అంటే వివక్ష, రాజ్యాంగం 15వ అధికరణం వద్దన్నది. మరి ఇన్‌డిస్క్రిమినేట్ అంటే వివక్ష లేనిది, మంచి మాటే కావాలి కదా? పేపర్లో చూస్తే ‘విచక్షణారహిత కాల్పులు’ అంటారు.

రాజాం మాస్టారు: కాదు బాబూ. డిస్క్రిమినేట్‌కి పాత అర్థం తేడా పసిగట్టడం. పక్షపాతమన్న అర్థం తర్వాత చేరింది. ఇన్‌డిస్క్రిమినేట్‌లో నిలిచింది ఆ పాత అర్థమే. పురుగు పట్టిన చెట్టేదో చూడకుండా ఉద్దానంలో జీడితోటంతా మందు కొట్టేస్తామే, అలాంటి పని. యుద్ధంలో పాటించాల్సిన నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం), 51వ అధికరణం చూడు. సైనికులనీ పౌరులనీ తేడా చూడని దాడులను నిషేధించింది ఈ మాటతోనే.

బొబ్బిలి వీణ: సంస్కృతంలో వివక్ష అంటే చెప్పాలన్న కోరిక. తెలుగులోకి వచ్చి ఇలా మారింది.

చీపురుపల్లి అన్న: మా తమ్ముణ్ని నలుగురు కర్రలతో కొట్టారు. ఫిర్యాదులో ‘ఇన్‌డిస్క్రిమినేట్‌గా కొట్టారు’ అని ఉంది. తప్పంటారా?

రాజాం మాస్టారు: తప్పే. ఒక్కడినే కొట్టినప్పుడు ఆ మాట కుదరదు.

చీపురుపల్లి అన్న: ఎడమ చేతికి ప్లేటు వేశారు మాస్టారూ. ఇప్పటికీ చొక్కా గుండీ వాళ్లావిడే పెట్టాలి. తలా, చెయ్యా అని చూడకుండా కొట్టారు. అది విచక్షణ లేకపోవడం కాదా? మీకు మాట ఒక్కటే కనబడుతోంది.

బొబ్బిలి వీణ: దెబ్బలకైతే ఆ మాట నప్పుతుంది కదా మాస్టారూ.

రాజాం మాస్టారు: నొప్పించాను, మన్నించు నాయనా. కానీ పొలం గట్టు మీద కాపు కాసి కొట్టారని నువ్వే పోయిన నెల ఇక్కడ రాశావు. వాళ్లు నీ తమ్ముడి కోసమే వచ్చారు. ఎంచి కొట్టినవాళ్లని ‘ఎంచకుండా కొట్టారు’ అని రాస్తే, కాపు కాసిన సంగతి కాగితంలోంచి జారిపోతుంది. నా గొడవంతా దానికే.

టెక్కలి కుర్రాడు: ‘ఎడాపెడా’ అంటే సరిపోదా?

చీపురుపల్లి అన్న: సరిపోదు తమ్ముడూ. మావాడు ఆ రోజు మంచం మీంచి చెప్పింది ఒక్కటే, “నన్ను పేరు పెట్టి పిలిచి కొట్టారు” అని. ఫిర్యాదు రాసినాయన ఆ ముక్క వదిలేసి ఈ ఇంగ్లీషు మాట పెట్టారు. సంతకం పెట్టింది నేనే. దాని అర్థం అప్పుడు నాకు తెలీదు.