టెక్సాస్‌లో జీతం భద్రమే, బ్యాంకులో పడ్డాక ఎలా కాపాడుకోవాలి?

నమస్కారం. క్రెడిట్ కార్డు బాకీ మీద టెక్సాస్ కోర్టు భర్తపై తీర్పు ఇచ్చింది. ఆ దంపతుల తరఫున అడుగుతున్నాను.

ఇలాంటి బాకీకి అక్కడ యజమాని దగ్గర జీతం పట్టుకోవడం కుదరదు. పిల్లల పోషణ, భరణం, పన్నుల వంటివి వేరు. ఫెడరల్ పరిమితి (25 శాతం, లేదా వారానికి 217.50 డాలర్లకు పైబడినది, ఏది తక్కువైతే అది) దాకా కోత పెట్టే రాష్ట్రాలతో పోలిస్తే ఇది పెద్ద రక్షణ. సొంతిల్లు, 401(కె) (ఉద్యోగులు రిటైర్మెంట్ కోసం దాచుకునే ఖాతా), కుటుంబానికి మొత్తం 1,00,000 డాలర్ల దాకా కారు, సామాను కూడా భద్రమే.

చిక్కంతా డైరెక్ట్ డిపాజిట్ దగ్గరే. ఖాతాలో పడ్డాక జీతం వట్టి నగదు, మినహాయింపు జాబితాలో నగదు లేదు. గార్నిష్‌మెంట్ రిట్ (బాకీ కింద ఖాతాలోని డబ్బు పట్టుకోమనే కోర్టు ఉత్తర్వు) అందగానే బ్యాంకు ఖాతాను స్తంభింపజేస్తుంది, అద్దె చెక్కు వెనక్కొస్తుంది. జీతం భద్రం అనుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

వీళ్లది జాయింట్ ఖాతా. భార్య జీతమూ అందులోనే పడుతుంది. ఆమె సంపాదన ఆమె అజమాయిషీలో విడిగా ఉంటే భర్త అప్పుకు చిక్కదు, కలిసిపోతే ఆ రక్షణ పోతుంది. పే స్టబ్‌లు, ఆరు నెలల స్టేట్‌మెంట్లు జతచేసి రిట్ రద్దుకు కోర్టులో మోషన్ (అర్జీ) వేస్తే ఆమె వాటా విడిపించిన వాళ్లున్నారా? ఇకపై ఆమె జీతం విడి ఖాతాలో వేయించుకుంటే సరిపోతుందా?