చింతపల్లి లైట్‌హౌస్‌కు ఏ చట్టం కింద రక్షణ కోరాలి?

చర్చ ప్రారంభించినవారు, విజయనగరం:
పూసపాటిరేగ మండలం చింతపల్లి దగ్గర గుట్ట మీది లైట్‌హౌస్ 1847లో వెలిగింది. తీరానికి సుమారు ఆరు మైళ్ల దూరంలో సముద్రంలో ఉన్న శాంతపల్లి రాళ్లకు భీమిలి రేవుకు వచ్చే ఓడలు తగలకుండా హెచ్చరించడానికే దాన్ని అక్కడ నిలిపారు. ఓడలు జీపీఎస్‌తో నడుస్తున్న ఈ రోజుల్లో దాని హోదా ఏమిటన్నది మన ముందున్న ప్రశ్న. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షిత కట్టడంగా ప్రకటించమందామా, లేక లైట్‌హౌస్‌ల వంటి నౌకాయాన సహాయ సాధనాల కోసం 2021లో వచ్చిన కొత్త చట్టం కింద వారసత్వ లైట్‌హౌస్‌గా గుర్తించమందామా? వినతిపత్రంలో ఏదో ఒకటి స్పష్టంగా రాయాలి కనుక సభ్యులు కారణాలతో సహా చెప్పగలరు.

శ్రీకాకుళం సభ్యులు:
నా మాట 1958 చట్టానికే. వంశధార ఒడ్డున శాలిహుండం స్తూపాలు నేటికీ గౌరవంగా నిలిచి ఉన్నాయంటే అవి పురావస్తు శాఖ సంరక్షణలో ఉండబట్టే. పర్యాటకం పేరుతో వచ్చే హోదా ముందుగా రంగులు, టైల్స్, తినుబండారాల దుకాణాలు తెస్తుంది. దీపం ఆగిపోతే కట్టడం విలువ పోతుందని కూడా నేను అనుకోను. ఇంగ్లండ్ దగ్గర సముద్రంలోని ఎడ్డిస్టోన్ బండ మీద 1759లో ఇంజనీరు స్మీటన్ పూర్తిచేసిన లైట్‌హౌస్ గోపురం అడుగున రాయి అలలకు కోసుకుపోతే, దాని పైభాగాన్ని విప్పి ప్లిమత్ ఒడ్డుకు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఓడలకు దారి చూపే పని లేకపోయినా ఇప్పటికీ జనం దాన్ని చూడటానికి వెళుతున్నారు.

పూసపాటిరేగ మండలం, మత్స్యకార కుటుంబం నుంచి:
అయ్యా, మీ ఆవేదన అర్థమయింది. అయితే ఆ చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్ల వరకు ఏది కట్టాలన్నా అనుమతి తెచ్చుకోవాలి. నిషిద్ధ పరిధిలో పాత ఇంటి మరమ్మతుకు సైతం దరఖాస్తు పెట్టుకోవలసిందే. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ తీరంలో ఇళ్ల కప్పులు ఎలా లేచిపోయాయో అందరికీ తెలుసు. అలాంటి గాలివాన మరునాడు కప్పు వేసుకోవడానికి అనుమతి కోసం ఎదురుచూడమంటే ఊరివాళ్లు ఆ కట్టడాన్ని తమదిగా ఎలా భావిస్తారు?

నెల్లిమర్ల సభ్యులు:
స్మీటన్ గోపురం సంగతిలో ఒక ముఖ్య విషయం విడిచిపెట్టారు. పాతదాన్ని ఒడ్డుకు తరలించకముందే ఆ సముద్రంలోనే పక్క బండ మీద మరింత ఎత్తైన కొత్త గోపురం కట్టి, 1882లో దీపం వెలిగించారు. పాత గోపురం మొదలు నేటికీ ఆ బండ మీద కనిపిస్తుంది. అంటే అక్కడివారు ముందు దీపాన్ని కాపాడుకుని, ఆ తరువాతే కట్టడం గురించి ఆలోచించారు. మనం కోరవలసినదీ అదే క్రమం.

2021 చట్టాన్ని పర్యాటక చట్టంగా చూడటం తొందరపాటు. కేంద్రం తన అధీనంలోని లైట్‌హౌస్‌ను వారసత్వ లైట్‌హౌస్‌గా ప్రకటించవచ్చునని, నావికులకు దారి చూపే పనికి అదనంగా విద్య, సంస్కృతి, పర్యాటక అవసరాలకు దాన్ని అభివృద్ధి చేయవచ్చునని అందులో ఉంది. ఈ 'అదనంగా' అన్న మాట మీదే మనం గట్టిగా నిలబడాలి. దీపం ఆరితే ఆ హోదాకు ఆధారమే లేదని వినతిపత్రంలో రాయాలి.

ఇక దీపం ఎవరికి కావాలన్న ప్రశ్న. పెద్ద ఓడకు ఉపగ్రహం ఉంది, రాడార్ ఉంది. చిన్న పడవలో రాత్రి వేటకు వెళ్లినవాడి చేతిలో ఉన్న పరికరం తడిసినా, బ్యాటరీ అయిపోయినా, మబ్బులో చుక్కలు కనపడకపోయినా ఆనవాలుగా మిగిలేది ఒడ్డున మెరిసే వెలుగే. ఒక్కో లైట్‌హౌస్ మెరుపుకు ఒక్కో వరుస ఉంటుంది: ఎన్ని మెరుపులు, వాటి మధ్య ఎన్ని క్షణాల చీకటి అన్నది లెక్కపెట్టి అది ఏ ఊరి దీపమో చెప్పవచ్చు. కాబట్టి మెరుపు వరుస కూడా వారసత్వమే. గోడలకు రంగు వేసి, పైన అలంకారపు విద్యుద్దీపాలు చుట్టితే అది చెడుతుంది.

శ్రీకాకుళం సభ్యుల భయం మాత్రం నిరాధారం కాదు, దాన్ని నేను పూర్తిగా పంచుకుంటాను. పాత సున్నపు గోడ మీద సిమెంటు పూత వేస్తే లోపలి తడి బయటికి రాలేదు. ఉప్పుగాలితో చేరిన లవణం పూత వెనుక పేరుకుని, కొన్నేళ్లకు గోడ ముఖాన్నే పెచ్చులుగా ఊడదీస్తుంది. దీపం చుట్టూ ఉండే అద్దాల సంగతి మరీ సున్నితం. కాంతిని ఒకే దిశకు మళ్లించే గాజు పట్టకాలు లోహపు చట్రంలో బిగించి ఉంటాయి. ఒక్కటి పగిలినా దానికి సరిపోయేది బజారులో దొరకదు. ఇవన్నీ తెలిసినవారి చేతికే పని అప్పగించాలన్న షరతు లేకుండా ఏ హోదా వచ్చినా నష్టమే.

శ్రీకాకుళం సభ్యులు:
ఇళ్ల విషయంలో మత్స్యకార సోదరులు చెప్పినది న్యాయం. వారికి ఇబ్బంది కలిగించే రక్షణను నేను కోరను. కానీ 2021 చట్టంలో 'ప్రకటించవచ్చు' అని ఉందే తప్ప సిమెంటు పూయకూడదని లేదు. 2024 ఫిబ్రవరిలో తూత్తుకుడిలో ప్రధాని ఒకేసారి 75 లైట్‌హౌస్‌ల పర్యాటక వసతులను జాతికి అంకితం చేశారు. ఆ ఊపులో సౌకర్యాలు ముందు, సంరక్షణ తరువాత అన్న ధోరణి రాదని ఎవరు హామీ ఇస్తారు?

నెల్లిమర్ల సభ్యులు:
హామీ ఎవరూ ఇవ్వరు, మనమే రాయించుకోవాలి. ఏ పనికైనా టెండరు పిలవకముందు గోపురం కొలతలు, గోడల స్థితి, దీపపు గది పరికరాలు, మెరుపు వరుస అన్నీ చిత్రాలతో సహా నమోదు చేయాలి. ఆ వివరాల ప్రతులు ఒకటి లైట్‌హౌస్‌ల డైరెక్టరేట్ దగ్గర, ఒకటి జిల్లా కలెక్టరు కార్యాలయంలో, ఒకటి గ్రామ పంచాయతీలో ఉండాలి. పనులను పరిశీలించే కమిటీలో ఊరి మత్స్యకారులకు చోటు ఇవ్వాలి. ఈ మూడు షరతులతో 2021 చట్టం కింద హోదా కోరుతూ ముసాయిదా రాస్తాను. సిమెంటు నిషేధం గురించిన పేరా శ్రీకాకుళం సభ్యులే రాసి పంపితే బాగుంటుంది.