చైనీస్ గీతల క్రమం: అచ్చు తీస్తే జపాన్ పద్ధతి వస్తోంది

ఆంకీ (గుర్తుపెట్టుకోవడానికి వాడే కార్డుల యాప్) కార్డుల్లోనూ, అచ్చు తీసుకునే గళ్ల కాగితాల్లోనూ ఏ గీత ముందో ఏది తర్వాతో తెలిసేలా గీతలకు అంకెలు కనబడాలని, జపనీస్ క్రమం చూపే 'కాంజీ స్ట్రోక్ ఆర్డర్స్' ఫాంట్ వాడుతున్నాను. నేర్చుకునేది మాత్రం చైనాలో వాడే సరళ లిపి. చాలా అక్షరాలకు ఇబ్బంది లేదు, కొన్నింటి దగ్గరే చిక్కు. వాంగ్ (రాజు) చైనా క్రమంలో పైనుంచి రెండు అడ్డగీతలు, తర్వాత నిలువు, చివర కింది అడ్డం. ఫాంట్‌లో మొదటి అడ్డం కాగానే నిలువు. యోవ్ (కుడి) అడ్డంతో మొదలవాలి, ఏటవాలు గీతతో మొదలవుతోంది. త్యెన్ (పొలం) లోపలి అడ్డం, నిలువు కూడా తారుమారు.

కార్డు టెంప్లేట్‌లో భాషను చైనీస్‌కి మార్చాను, ఫలితం లేదు. అంకెలు ఫాంట్ బొమ్మలోనే కలిసి ఉన్నాయి, మారవు కూడా. మామూలు చైనీస్ ఫాంట్ పెడితే అంకెలే ఉండవు. గీతలను ఒక్కొక్కటిగా కదిలే బొమ్మలో చూపే హాంజీ రైటర్ అనే ప్రోగ్రామ్ తెరమీద సరైన క్రమమే చూపిస్తుంది గానీ, అచ్చు తీస్తే పూర్తయిన అక్షరం ఒక్కటే వస్తోంది. గీతగీతకూ స్క్రీన్‌షాట్ తీయడం పది అక్షరాలకైతే సరే, హెచ్‌ఎస్‌కే (చైనీస్ భాషా పరీక్ష) జాబితా మొత్తానికి అయ్యే పని కాదు.

అక్షరాల జాబితా ఇస్తే, ఒక్కో గీతా చేరుతూ వచ్చే బొమ్మలను చైనా క్రమంలో ఒకేసారి పీడీఎఫ్‌గా ఇచ్చే ఫాంట్ గానీ స్క్రిప్ట్ గానీ మీరు వాడుతున్నది ఏది?